పొట్టి యాంటెన్నా పలికేదెలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ముందుగా హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. కాని మెస్‌లో నీళ్ళచారు గురించి, ట్రంకుపెట్టెల తాళాల గురించి మాకన్నా బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని మేము ముగ్గురం కలిసి, ఈ హాస్టల్లో స్టడీ అవర్ అయ్యాక పాడైన ట్రాన్సిస్టర్లు విప్పి చూడటంతో మొదలై ఇప్పటిదాకా మమ్మల్ని వదలని హ్యామ్ రేడియో గురించి రాస్తున్నాం. అందులోనూ పోయిన వార్షికోత్సవం నాడు మీ అందరి ఎదుటా మాకు జరిగిన చిన్న పరాభవం గురించి రాస్తున్నాం. ఈ వ్యాసంలోని పాఠమంతా ఆ పరాభవం నేర్పిందే.

హ్యామ్ రేడియో అంటే ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత రేడియో స్టేషన్ ద్వారా ఇతర హ్యామ్‌లతో మాట్లాడటం. దీనిలో వ్యాపారం లేదు. నేర్చుకోవటం, అవసరానికి ఆదుకోవటం ఉన్నాయి. మన హైదరాబాదులోనే 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అనే హ్యామ్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఆమె అక్కడికి వెళ్ళింది హ్యామ్ రేడియో ప్రసారాల కోసం. ఉపద్రవం రాగానే అదే రేడియోతో అండమాన్ నుండి సమాచారం బయటకు చేరవేశారు. అలాంటి సమయాల్లో పెద్ద పెద్ద స్తంభాలు నిలబెట్టే తీరిక, చోటు ఉండవు. చేతిలో ఉన్న చిన్న యాంటెన్నాతోనే మాట వినిపించాలి.

ఆ రోజు ఏం జరిగింది

వార్షికోత్సవం నాడు హాస్టల్ ఆవరణంతా షామియానా, కుర్చీలు. పొడవాటి తీగ కట్టే చోటు లేదు. అందుకని వాలీబాల్ కోర్టు మూలన రెండున్నర మీటర్ల అల్యూమినియం గొట్టం నిలబెట్టాం. అడుగున పి.వి.సి. పైపు మీద చుట్టిన రాగితీగ కాయిల్ పెట్టాం. ఎర్తు కోసం మెస్ వెనుక ఉన్న గడ్డపార తెచ్చి నేలలో దిగగొట్టాం. ఎస్.డబ్ల్యు.ఆర్. మీటర్ చూస్తే 1:1. అంటే రేడియో నుండి పంపిన శక్తి వెనక్కి తిరిగి రావటం లేదన్నమాట. అంతకన్నా ఏం కావాలి! 7.1 మెగాహెర్ట్జ్ మీద, 50 వాట్ల శక్తితో, రెండు గంటలు పిలిచాం. దేశంలో నాలుగు మూలల నుండి వాళ్ళు మాట్లాడుకోవటం మాకు చక్కగా వినిపిస్తూనే ఉంది. మా పిలుపుకు మాత్రం ఒక్కరూ పలకలేదు.

చుట్టూ చేరిన పిల్లలు ఒక్కొక్కరే టిఫిన్‌కు వెళ్ళిపోయారు. చివరికి మిగిలిన తొమ్మిదో తరగతి తమ్ముడొకడు, "అన్నా, మీటర్ బాగుందంటే యాంటెన్నా బాగున్నట్టేనా?" అని అడిగాడు. మాకు సమాధానం తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాం.

అసలు పొడవు ఎందుకు?

రేడియో తరంగం సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు ప్రయాణిస్తుంది. దానిని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని మీరు తరగతిలో చదువుకున్నారు. మన పెద్దలు హైదరాబాద్ ఆకాశవాణిని 738 కిలోహెర్ట్జ్ మీద వినేవారు. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. మీడియం వేవ్ స్టేషన్లకు అంతంత ఎత్తు స్తంభాలు ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 42 మీటర్లు. దానిలో సగం, అంటే సుమారు 20 మీటర్ల తీగను మధ్యలో తెంపి శక్తిని అందిస్తే అది డైపోల్. నాలుగో వంతు, అంటే సుమారు 10 మీటర్ల గొట్టాన్ని నిలువుగా పాతి, నేలను తోడు తీసుకుంటే అది వర్టికల్. ఈ కొలతల్లో యాంటెన్నా తనంతట తానే అనునాదంలో ఉంటుంది.

మా గొట్టం రెండున్నర మీటర్లు. ఉండవలసిన దానిలో నాలుగో వంతు. ఇంత పొట్టి యాంటెన్నా ఆ పౌనఃపున్యం దగ్గర ఒక చిన్న కెపాసిటర్ లాగా ప్రవర్తిస్తుంది. కరెంటు లోపలికి సరిగా పోదు. కెపాసిటర్ గుణానికి విరుగుడు కాయిల్. సరిపడా చుట్లున్న కాయిల్‌ను వరుసలో కలిపితే ఆ రెండు గుణాలు చెల్లుకు చెల్లు అయి అనునాదం కుదురుతుంది. దీన్నే లోడింగ్ కాయిల్ అంటారు. మా గొట్టానికి సుమారు 22 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి. రెండంగుళాల పైపు మీద, 18 గేజి రాగితీగతో, అంగుళానికి పది చుట్ల చొప్పున 29 చుట్లు చుడితే ఆ విలువ వస్తుంది. మేము చేసింది అదే. ఇంతవరకు తప్పేమీ లేదు.

కాలువ నీళ్ళ లెక్క

తప్పు ఎక్కడో తెలియాలంటే పొలానికి వెళ్ళాలి. కాలువకు పైన నీళ్ళు వదులుతారు. దారిలో గట్లు కొంత తాగుతాయి, గండ్లలోంచి కొంత పోతుంది. చివరి భూములకు చేరిందే పంటకు దక్కుతుంది. తూము దగ్గర నీళ్ళు ఉరకలు వేస్తున్నాయి కాబట్టి చివరి మడి తడిసిందని అనుకుంటే ఎంత పొరపాటు! ఎస్.డబ్ల్యు.ఆర్. మీటర్ తూము దగ్గర కూర్చున్న మనిషి. నీళ్ళు వెనక్కి తన్నటం లేదని మాత్రమే చెబుతాడు. చివరి మడి సంగతి అతనికి తెలియదు.

మన యాంటెన్నాలో కరెంటు మూడు నిరోధాల గుండా వరుసగా పోతుంది. మొదటిది ప్రసార నిరోధం. ఇక్కడ ఖర్చయ్యే శక్తే తరంగంగా ఆకాశంలోకి వెళ్తుంది. ఇదే మన చివరి మడి. రెండోది కాయిల్ నిరోధం. ఇక్కడ పోయేది వేడి. మూడోది నేల నిరోధం. ఇక్కడ పోయేదీ వేడే. మూడింటిలో కరెంటు ఒకటే కాబట్టి, శక్తి ఆ నిరోధాల నిష్పత్తిలోనే పంచుకోబడుతుంది.

అడుగున కాయిల్ ఉన్న పొట్టి వర్టికల్‌కు ప్రసార నిరోధం లెక్కగట్టటం సులభం. ఎత్తును తరంగదైర్ఘ్యంతో భాగించి, దాని వర్గాన్ని 395తో గుణించాలి. మా గొట్టానికి 1.4 ఓములు వచ్చింది. పూర్తి 10 మీటర్ల గొట్టానికైతే సుమారు 36 ఓములు ఉండేది. ఎత్తు సగమైతే ప్రసార నిరోధం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పొట్టి యాంటెన్నాల కష్టమంతా ఈ వర్గంలోనే ఉంది.

కాయిల్ నిరోధం సుమారు 5 ఓములు ఉంటుంది. మీటర్ 1:1 చూపించింది కాబట్టి మొత్తం సుమారు 50 ఓములు. అంటే మిగిలిన 43, 44 ఓములు ఎక్కడివి? గడ్డపారవి! 50 వాట్లు పంపితే ఆకాశానికి చేరింది 1.4 వాట్లు. మిగిలిన 48 వాట్లకు పైగా కాయిల్‌ను, వాలీబాల్ కోర్టు మట్టిని వేడి చేశాయి. మీటర్ బాగుండటానికి కారణం యాంటెన్నా బాగుండటం కాదు. నష్టం సరిగ్గా 50 ఓముల దగ్గర ఆగటం. నష్టమే మీటర్‌ను మెప్పించింది.

మరి మాకు అందరూ ఎలా వినిపించారు? ఈ బ్యాండులో ఆకాశం నుండి వచ్చే గరగర ఎక్కువ. యాంటెన్నా నీరసంగా ఉంటే స్టేషన్లూ, గరగరా రెండూ సమానంగా తగ్గుతాయి. చెవికి తేడా తెలియదు. పంపేటప్పుడు మాత్రం అసలు బలం బయటపడుతుంది. "మాకు బాగా వినిపిస్తోంది, కాబట్టి యాంటెన్నా మంచిదే" అనే మాట నమ్మకండి.

మొదటి మరమ్మత్తు: నేల

తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాం. గడ్డపారను మెస్‌కు అప్పగించి, పాత వైరింగు తీగలు పోగుచేసి, ఒక్కొక్కటి 5 మీటర్ల చొప్పున 16 ముక్కలు చేశాం. గొట్టం మొదలు నుండి బండి చక్రం ఆకుల్లాగా నేలమీద పరిచాం. వీటిని రేడియల్స్ అంటారు. తీగకు తొడుగు ఉన్నా ఫరవాలేదు. మట్టిలో దారి వెతుక్కుంటూ పోయే కరెంటుకు రాగి దారి చూపటమే వీటి పని. 1937లోనే బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టైన్ అనే ముగ్గురు అమెరికా ఇంజనీర్లు ప్రయోగాలు చేసి, నేలలో తీగల సంఖ్య పెరిగేకొద్దీ యాంటెన్నా సామర్థ్యం ఎలా పెరుగుతుందో చూపించారు. మీడియం వేవ్ స్తంభాల చుట్టూ 120 తీగలు పాతే పద్ధతి ఆ పరిశోధన నుండి స్థిరపడింది. మనకు అన్ని అక్కర్లేదు. పొట్టి యాంటెన్నాకు నాలుగు పొడవాటి తీగలకన్నా ఎక్కువ సంఖ్యలో పొట్టి తీగలు మేలు.

తీగలు పరిచి మీటర్ చూస్తే గుండె గుభేలుమంది. 1:1 కాస్తా 3:1 అయింది. పాడుచేశామనుకుని తీసేయబోయాం. అప్పుడు కాగితం మీద లెక్క వేశాం. 3:1 అంటే మొత్తం నిరోధం 50 నుండి సుమారు 16కు దిగింది. గొట్టమూ కాయిలూ మారలేదు కాబట్టి తగ్గినదంతా నేల నష్టమే. 44 ఉన్నది 10 అయింది. సామర్థ్యం 3 శాతం లోపు నుండి 8 శాతం దాటింది. అంటే యాంటెన్నా మూడు రెట్లు మెరుగైనప్పుడే మీటర్ ముఖం మాడ్చుకుంది!

తమ్ముళ్ళూ, ఈ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: పొట్టి యాంటెన్నాను బాగుచేస్తున్నప్పుడు నిరోధం తగ్గి మీటర్ పాడైతే అది మంచి కబురు కావచ్చు. ముందు నష్టాలు తగ్గించి, మీటర్ సంగతి చివరన చూడాలి.

రెండో మరమ్మత్తు: నెత్తిన సైకిల్ చక్రం

ఇప్పుడు ప్రసార నిరోధాన్ని పెంచాలి. ఎత్తు పెంచకుండా ఎలా? నిలువు గొట్టంలో కరెంటు అడుగున ఎక్కువగా ఉండి, కొసకు వచ్చేసరికి సున్న అవుతుంది. అంటే పైభాగం దాదాపు పని లేకుండా కూర్చున్నట్టే. కొసన ఒక లోహపు చక్రం పెడితే కరెంటు దానిలోకి పరచుకుంటుంది కాబట్టి గొట్టం పై కొస దాకా బలంగా పారుతుంది. దీన్ని కెపాసిటీ హ్యాట్ అంటారు, టోపీ అన్నమాట. కరెంటు పొడవునా ఒకే తీరుగా ఉండేటట్లు చేయగలిగితే ప్రసార నిరోధం నాలుగు రెట్లు అవుతుంది. అది గరిష్ఠ హద్దు.

మాకు టోపీ హాస్టల్ సైకిల్ షెడ్డులో దొరికింది. రెండడుగుల పాత రిమ్ము, పుల్లలతో సహా. తుప్పు గీకి, గొట్టం కొసన గట్టిగా బిగించాం. ఊగకుండా మూడు వైపులా నైలాన్ తాళ్ళు కట్టాం. లెక్క ప్రకారం ప్రసార నిరోధం 1.4 నుండి సుమారు 3.2 ఓములకు పెరిగింది. ఇంకో లాభం, టోపీ వలన కాయిల్ అవసరం కూడా తగ్గింది. 22 మైక్రోహెన్రీల చోట 10 చాలు, 29 చుట్ల చోట 16 చాలు. చుట్లు తగ్గితే కాయిల్ నష్టం కూడా సుమారు సగమైంది.

కాయిల్‌ను అడుగున కాక మధ్యలో పెట్టటం ఇంకో పద్ధతి. అప్పుడు కింది సగంలో కరెంటు నిండుగా ఉంటుంది. ప్రసార నిరోధం రెట్టింపు దాటుతుంది. కాని కాయిల్ కూడా దాదాపు రెట్టింపు కావాలి. కాయిల్ నాసిరకమైతే ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో లాక్కున్నట్టే. అందుకే మేము ముందు టోపీ పెట్టమంటాం.

మూడో మరమ్మత్తు: కాయిల్

7 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగితీగ లోపలికి పోదు. పైన మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందంలోనే పారుతుంది. కాబట్టి తీగ పైభాగం విశాలంగా, శుభ్రంగా ఉండాలి. మోటారు వైండింగు సన్నతీగను దగ్గరదగ్గరగా చుడితే నష్టం పెరుగుతుంది. తీగ మందమంత సందు చుట్టుకూ చుట్టుకూ మధ్య ఉండాలి. కాయిల్ పొడవు దాని వ్యాసానికి ఒకటి, రెండు రెట్ల లోపు ఉంటే మంచిది. ఇనుప తీగ వద్దు. కాయిల్ లోపల ఇనుప బోల్టులు వద్దు. వాన నీరు లోపల నిలవకుండా చూడాలి.

చివరిగా రేడియల్స్‌ను 16 నుండి 32కు పెంచాం. నేల నష్టం 5 ఓములకు దిగిందనుకుంటే మొత్తం సుమారు పదిన్నర ఓములు, దానిలో ప్రసారానికి 3.2. అంటే 30 శాతం. 50 వాట్లలో ఆకాశానికి 15 వాట్లు. అదే గొట్టం, అదే రేడియో, అదే మూల. 1.4 వాట్ల నుండి 15 వాట్లు! వినేవారి ఎస్-మీటర్ మీద ఒకటిన్నర గీతకు పైగా పెరుగుదల. రేడియో శక్తిని పెంచి ఇది సాధించాలంటే 500 వాట్లు దాటాలి.

అప్పుడు మీటర్‌ను బాగుచేశాం. అంగుళం వ్యాసంతో, అంగుళం పొడవున ఆరు చుట్ల చిన్న కాయిల్ చుట్టి, యాంటెన్నా మొదలుకు రేడియల్స్‌కు మధ్య కలిపాం. పెద్ద కాయిల్‌ను కొద్దిగా తగ్గించాం. పదిన్నర ఓములు రేడియోకు 50 ఓములుగా కనిపించాయి. మళ్ళీ 1:1. ఈసారి అది నిజమైన 1:1.

సాయంత్రం చీకటి పడుతుండగా గుజరాత్ నుండి ఒక పెద్దాయన పలికారు. యాంటెన్నా ఏమిటని అడిగితే "సైకిల్ చక్రం" అన్నాం. మళ్ళీ చెప్పమన్నారు. తొమ్మిదో తరగతి తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఉచితంగా ఏదీ రాదు

నష్టాలు తగ్గేకొద్దీ యాంటెన్నా పలికే వెడల్పు తగ్గుతుంది. కాస్త పౌనఃపున్యం మారిస్తే మళ్ళీ సరిచేసుకోవాలి. 1947లో వీలర్, 1948లో చూ అనే శాస్త్రజ్ఞులు దీనికి హద్దులు తేల్చారు. చిన్న పరిమాణం, మంచి సామర్థ్యం, ఎక్కువ వెడల్పు మూడూ ఒకేసారి దొరకవు. కాబట్టి బ్యాండు అంతటా ఏ సవరణా లేకుండా పనిచేసే పొట్టి యాంటెన్నా ఎవరైనా అమ్మజూపితే, నష్టం ఎక్కడ దాచారో వెతకండి.

హాస్టల్ విడిచి అద్దె గదుల్లో ఉంటున్న మిత్రులకు ఒక మాట. పొట్టి యాంటెన్నాకు దిగేముందు పూర్తి తీగను వంచి కట్టే వీలుందేమో చూడండి. డైపోల్ మధ్యభాగంలో కరెంటు ఎక్కువ, కొసల్లో తక్కువ. మధ్యభాగం తిన్నగా ఉంచి, కొసలను పిట్టగోడ వెంట కిందికి వేలాడదీసినా పెద్ద నష్టం లేదు. డైపోల్‌కు నేలలో తీగలు కూడా అక్కర్లేదు. పక్క జిల్లాల వారితో మాట్లాడటానికి పొట్టి వర్టికల్ కన్నా తక్కువ ఎత్తులో కట్టిన డైపోలే మేలు. దానికీ చోటు లేనప్పుడే కాయిల్ చుట్టండి.

ఏ మార్పు చేసినా ఒక్కొక్కటే చేసి, నోటుపుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు నానోవీఎన్ఏ అనే అరచేతి మీటర్ తక్కువ ధరకే దొరుకుతోంది. అది ఎస్.డబ్ల్యు.ఆర్.తో ఆగక నిరోధాన్ని ఓముల్లో చూపిస్తుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

జాగ్రత్తలు

ఇది మా తమ్ముళ్ళ కోసం ప్రత్యేకంగా రాస్తున్నాం. 50 వాట్లే కదా అనుకోవద్దు. నష్టాలు తగ్గిన యాంటెన్నాలో కాయిల్ పై కొస దగ్గర సుమారు 1000 వోల్టులు ఉంటాయి. ప్రసారం జరుగుతున్నప్పుడు ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టాలి. గొట్టం ఎటు పడినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో నిలబెట్టాలి. ఉరుము వినిపిస్తే అన్నీ విప్పి లోపలికి రావాలి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయటం నేరం. ముందు పరీక్ష, తర్వాతే మైకు.

ఆ తమ్ముడి ప్రశ్నకు మా సమాధానం ఇదే: మీటర్ బాగుండటం వేరు, మాట చేరటం వేరు. యాంటెన్నా పొట్టిదైతే దాని ప్రసార నిరోధం తక్కువ. తక్కువ ఉన్నవాడు దారిలో పారబోసుకోకూడదు. అంతే తేడా. పొదుపుగా తీసుకువెళ్తే రెండున్నర మీటర్ల గొట్టం కూడా గుజరాత్ దాకా వినిపిస్తుంది.

ఆ చక్రం, గొట్టం, కాయిల్, 32 తీగల కట్ట హాస్టల్ స్టోరు రూములోనే పెట్టి వచ్చాం. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, విప్పి చూసుకోండి. ఈ వార్షికోత్సవానికి మేము వచ్చేసరికి మీ లెక్కలు మాకు చూపించండి. తప్పులుంటే కలిసి దిద్దుకుందాం.

— ముగ్గురు పూర్వ విద్యార్థులు